ఇరవై లెక్కపెట్టేదాకా

పట్టాల దగ్గరికి రాగానే హెల్కా కారు ఆపింది. ఇంజన్ కట్టేసి, హీటర్ ఫ్యాన్ ఆపి, రెండు వైపులా అద్దాలు దించింది. ఫిబ్రవరి చలి ఒక్కసారిగా లోపలికి దూరింది. పక్కన కూర్చున్న మామగారు టోపీకున్న చెవి రెక్క పైకెత్తి, తల కాస్త వంచాడు. ఇద్దరూ నోరు మెదపలేదు.

ఆ ఇంటికీ పెద్ద రోడ్డుకీ మధ్య రైలు పట్టాలు అడ్డం. గేటు లేదు, ఎర్రదీపం లేదు, గంట లేదు. ముప్ఫై ఏళ్ల కిందట పక్క పొలం ఆసామి కలేవా ట్రాక్టరు అక్కడే రైలు గుద్ది నుజ్జునుజ్జయింది. ఆ ఏడే ఆర్మస్ కెట్టునెన్ ఇంటిల్లిపాదికీ ఒక నియమం పెట్టాడు. బండి ఏదైనా సరే, పట్టాల ముందు ఆపాలి. అద్దాలు దించాలి. ఆర్మస్ మెల్లగా ఇరవై లెక్కపెడుతూ వింటాడు. ఆ ఇరవై పూర్తయ్యేలోపు ఎవరు దగ్గినా, తుమ్మినా, ఒక్క మాట జారినా ఆ లెక్క చెల్లదు. మళ్ళీ ఒకటి నుంచి మొదలు. హెల్కా కొత్త కోడలిగా వచ్చిన రోజు ఎక్కిళ్లు పట్టుకుని, పెళ్లిబట్టల్లో పావుగంట సేపు ఆ పట్టాల ముందే ఉండిపోయారు. ఇప్పటికీ క్రిస్మస్ భోజనాల దగ్గర ఆ సంగతి చెప్పుకుని నవ్వుతారు. ఇరవై అయ్యాక ఆర్మస్ "పో" అంటాడు. అప్పుడే చక్రం కదలాలి. ఆయన బండిలో లేనప్పుడు ఎవరికి వారే ఇరవై లెక్కపెట్టుకుని దాటాలి.

ఆర్మస్ ఆ లైను మీద ముప్ఫై నాలుగేళ్లు గ్యాంగ్‌మన్‌గా చేశాడు. ఇప్పుడు ఎనభై ఒకటి నిండాయి. కళ్ళలో నడిమధ్య అంతా మసక, అంచుల్లో మాత్రం కొంచెం కనబడుతుంది. ఎదురుగా మనిషి నిలబడితే మొహం కనబడదు, భుజాలు కనబడతాయి. చెవులు మాత్రం పాము చెవులు. డీజిల్ ఇంజన్ రెండు కిలోమీటర్ల అవతల ఉండగానే చెప్పేవాడు. వచ్చేది బరువుతో వస్తోందా, ఖాళీగా వస్తోందా అన్నది కూడా చెప్పేవాడు. అందుకే కళ్ళు పోయాక కూడా ఆ ఇంట్లో "పో" అనే అధికారం ఆయనదే. ఎవరూ దాన్ని ప్రశ్నించలేదు, ఆయన కొడుకు యోర్మాతో సహా.

"పో" అన్నాడు ఆర్మస్.

హెల్కా కారు కదిలించింది. ముందు చక్రాలు పట్టాల మధ్య చెక్కల మీదికి ఎక్కబోతున్నాయి. మామగారి భుజం పక్కనుంచి ఏదో తెల్లగా, పచ్చగా కదిలింది. ఆలోచించే తీరిక లేదు. ఆమె చెయ్యే రివర్స్ గేరు వేసింది, ఆమె కాలే తొక్కింది. కారు వెనక్కి ఉరికి మంచుగట్టుకి కొట్టుకుంది. అప్పుడు కూత వినబడింది. కూతతో పాటే కొత్త ఎలక్ట్రిక్ ఇంజన్ వాళ్ళ మొహాల మీదికి మంచు చిమ్ముకుంటూ దూసుకుపోయింది, వెనకాల కలప దుంగల వ్యాగన్లు.

రైలు పోయాక ఆర్మస్ నోరు తెరిచాడు. కింది పెదవి వణుకుతోంది. హెల్కా ఆయన పెదవి వణకడం ఎప్పుడూ చూడలేదు, అత్తగారిని పాతిపెట్టిన రోజున కూడా.

"ఫ్యాన్ ఆపావా అమ్మాయ్?" అన్నాడు.

ఆపింది. తన చేత్తో మీట తిప్పి ఆపింది. కానీ ఆ మొహం చూస్తూ ఆ మాట అనలేకపోయింది.

"లేదు మామయ్యా. మర్చిపోయాను. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది."

ఆర్మస్ గట్టిగా ఊపిరి వదిలాడు. ఊళ్ళోకి చేరేదాకా కోడలిని తిడుతూనే ఉన్నాడు. "మతి ఎక్కడ పెట్టుకుని నడుపుతున్నావ్? ఇద్దర్నీ చంపేదానివి కదా. ఆ చెవిలో గాలి హోరు పెట్టుకుని నేనేం వినను?" హెల్కా తల ఊపుతూ అన్నీ పడింది. తిట్లు తింటుంటే ఆమెకి హాయిగా ఉంది. ఆ హాయే కొంప ముంచింది. ఆ పూటే ఉన్నదున్నట్టు చెప్పేస్తే సరిపోయేది. మా సావో ప్రాంతపు మనుషులకి అదొక జబ్బు. కాఫీ చల్లారిపోయిందని కూడా సూటిగా చెప్పరు, బయట చలి పెరిగిందంటారు.

కిందటి శరదృతువులోనే ఆ లైనుకి కరెంటు తీగలు లాగారు. డిసెంబరు నుంచి డీజిళ్ళు పోయి కొత్త ఇంజన్లు వచ్చాయి. పేపర్లలో ఫోటోలు, స్టేషన్లో బన్నులు పంచడం, అన్నీ అయ్యాయి. పొగ లేదు, కంపనం లేదు, చప్పుడు లేదని అందరూ మెచ్చుకున్నారు. చప్పుడు లేకపోవడం ఎవరికి ముప్పో ఎవరికీ తట్టలేదు. ఆ క్రాసింగ్ దగ్గర కూత కొట్టమనే బోర్డు కూడా లేదు. రెండు వైపులా చూపు బాగా ఆనుతుంది కాబట్టి అక్కర్లేదని ఎప్పుడో తేల్చారు. కొలిచినవాడు జూలైలో వచ్చి కొలిచాడు. చలికాలంలో మంచుగట్లు కారు అద్దాల ఎత్తున లేస్తాయని, తూర్పు మలుపులో కొమ్మలు మంచు బరువుకి వంగి పట్టాలను కప్పేస్తాయని వాడికెవరు చెప్పాలి?

ఆ రాత్రి హెల్కా భర్తకి ఫోన్ చేసింది. యోర్మా వారమంతా అడవిలో చెట్లు కొట్టే యంత్రం మీద ఉంటాడు.

"రెండేళ్లలో ఆ క్రాసింగ్ ఎత్తేస్తారట. అప్పటిదాకా కాస్త చూసుకో" అన్నాడు.

"నేను చూసుకుంటా. ఆయనో? మంగళవారం, గురువారం టపాకి ఒంటరిగా పోతారు కదా."

"నాన్నకి వద్దని చెప్పగలవా?"

చెప్పలేనని ఆమెకీ తెలుసు. టపా పెట్టెలు పట్టాలకి అవతల, పెద్ద రోడ్డు పక్కన ఉంటాయి. మంచు మీద జారే, నిలబడి ఒక కాలితో నేలని తన్నుకుంటూ పోయే స్లెడ్జి బండి మీద ఆర్మస్ తనంతట తాను వెళ్లి పేపరు తెచ్చుకుంటాడు. ఆ పేపరు ఆయన చదవలేడు. హెల్కాయే చదివి వినిపించాలి. అయినా తేవడం ఆయన పని. ఆ పని కూడా లాగేసుకుంటే ఆయనకి మిగిలేది కుర్చీ.

మూడు రాత్రులు హెల్కాకి కళ్ళు మూస్తే తెల్లగా, పచ్చగా అదే ఇంజన్ మొహం వచ్చి మీద పడింది. నాలుగో రోజు ఒక ఉపాయం తట్టింది.

ఇంటి వెనక గదిలో ఆర్మస్‌కి బొమ్మ రైళ్ల లోకం ఒకటి ఉంది. ప్లైవుడ్ బల్ల మీద పట్టాలు, దగ్గరి ఊరు ఇసల్మి స్టేషను నమూనా, చిన్న చిన్న చెట్లు. కళ్ళు పోయాక వేళ్ళతో, చెవులతో ఆడుకుంటాడు. డీజిల్ బొమ్మలన్నిటికీ లోపల స్పీకర్లున్నాయి, అసలు ఇంజన్లలాగే గుర్రుమంటాయి. కొత్త ఇంజన్ బొమ్మ కూడా దొరికితే, దాని చప్పుడు ఆయన చెవికి అలవాటు చేస్తే? ఎవరి పరువూ పోదు.

ఇసల్మి స్టేషను ఎదురుగా గడియారాలు బాగుచేసే కొట్టు ఉంది. దాని వెనక సగంలో సేవేరి బొమ్మ రైళ్లు అమ్ముతాడు. హెల్కా, అతను ఒకే బళ్ళో చదివారు. ఆ నెల కొత్త ఇంజన్ బొమ్మ వచ్చిందని ఎక్కడెక్కడి మగాళ్లో వచ్చి ఆ కొట్లో చలికోట్లు కూడా విప్పకుండా తిష్ట వేస్తున్నారు.

"ఆడవాళ్ళు ఈ గుమ్మం తొక్కారంటే రెండే కారణాలు" అన్నాడు సేవేరి. "మొగుడి పుట్టినరోజు, లేదంటే విడాకులు. నీదేది?"

"నా మొగుడు చెట్లతో కాపురం చేస్తున్నాడులే. ఇది మామయ్యకి. చప్పుడు అచ్చం అసలుదానిలాగే ఉండాలి సేవేరి. అచ్చం."

"అసలు ఇంజన్ పక్కన మైకు పెట్టి పట్టిన చప్పుడే. విను."

బల్ల మీద అరచేయి పొడవున్న పచ్చ తెలుపు ఇంజన్ కదిలింది. ముందు సన్నటి హమ్మింగు, తరవాత మెట్లెక్కుతున్నట్టు ఒక్కో స్వరం పైకి లేచి, పై స్వరంలో నిలిచింది. అలా పాడుతూనే బల్లంతా తిరిగింది. హెల్కా గుండె తేలికపడింది. ఎందుకు కొంటున్నదీ ఆమె చెప్పలేదు. అతనూ అడగలేదు, అడగడం మర్యాద కాదు కదా.

ఆర్మస్ చిన్నపిల్లాడైపోయాడు. "ఇది పాడుతోంది అమ్మాయ్" అన్నాడు మొదటి రోజు. రోజుకింత చొప్పున చప్పుడు తగ్గించమనేవాడు. హాల్లోకి పోయి వినేవాడు, ఆవిరిస్నానం గదిలోకి పోయి తలుపు వేసుకుని వినేవాడు. "ఇప్పుడు పెట్టావు. ఇప్పుడు ఆపావు" అని లోపలినుంచి అరిచేవాడు. ఒక్కసారీ తప్పలేదు.

"ఆ రోజు నీ ఫ్యాన్ లేకపోతేనా" అన్నాడొకసారి, యాలకుల బన్ను కాఫీలో ముంచుకుంటూ. "కిలోమీటరు అవతలే పట్టేసేవాణ్ణి."

హెల్కా నవ్వి ఇంకో బన్ను ఆయన ముందుకి జరిపింది. మూడు వారాలు నిద్ర బాగా పట్టింది. కారులో పోయేటప్పుడు మళ్ళీ ఆయన "పో" మీదే చక్రం కదిలించడం మొదలుపెట్టింది. తల తిప్పి చూడడం కూడా మానేసింది.

మార్చి మొదటి మంగళవారం. ఇంజన్ వెనక తగిలించడానికి దుంగల వ్యాగన్లు కావాలన్నాడు ఆర్మస్. హెల్కా మధ్యాహ్నం పని ముగించుకుని సేవేరి కొట్టుకి వెళ్ళింది. అతను వ్యాగన్లు కాగితంలో చుడుతుండగా, రోడ్డవతల స్టేషను యార్డులో కలప రైలు బయలుదేరింది. హమ్మింగు, తరవాత మెట్లెక్కే స్వరాలు. అచ్చం బొమ్మే.

"అదిగో" అంది హెల్కా. "మామయ్య ఇక్కడుంటే కళ్ళు మూసుకుని చెప్పేసేవారు. ఇప్పుడాయనకి ఆ పాట కంఠతా వచ్చు. పట్టాల దగ్గర నాకు బెంగ లేదు."

సేవేరి చేతిలో కాగితం ఆగింది. "పట్టాల దగ్గర ఏంటి?"

"మా క్రాసింగ్ తెలుసుగా. కారులో ఆయనుంటే, ఆయన విని చెబితేగానీ మేం దాటం. కొత్త ఇంజన్ చప్పుడు తెలియాలని కదా ఈ బొమ్మ కొన్నది."

అతను కాగితం కింద పెట్టాడు. కిటికీ వైపు చూశాడు. యార్డు చివర రైలు వేగం పుంజుకుంటోంది. స్వరం పైకి పోయి, పల్చబడి, ఉన్నట్టుండి లేకుండా పోయింది. రైలు కనబడుతూనే ఉంది. ముప్ఫై వ్యాగన్లు. చప్పుడు లేదు.

"హెల్కా" అన్నాడు సేవేరి, "ఆ పాట బయలుదేరేటప్పుడే. వేగం అందుకున్నాక ఉండదు. మీ వైపు పల్లం కదా, డ్రైవరు కరెంటు తగ్గించి వదిలేస్తాడు, అలా జారుకుంటూ పోతుంది. మంచులో చక్రాల చప్పుడు కూడా పెద్దగా రాదు."

"మరి బొమ్మ ఎప్పుడూ పాడుతుందిగా?"

"పాడకపోతే ఎవరు కొంటారు? చెడిపోయిందని తెచ్చి వెనక్కిస్తారు. అందుకని చుట్టంతా పాడేట్టు చేస్తారు."

హెల్కా కిటికీలోంచి మళ్ళీ ఆ రైలు వైపు చూసింది. ఇన్నాళ్ళూ తను ఆయనకి నేర్పిందేమిటి? రాని పాట కోసం చెవులు రిక్కించి, పాట లేదు కాబట్టి రైలూ లేదనుకోమని నేర్పింది. కొట్టు ముందు గది నిండా గడియారాలున్నాయి. బాగున్నవన్నీ ఒంటిగంటా పది నిమిషాలు చూపిస్తున్నాయి. మంగళవారం. ఒకటింబావుకి ఆయన స్లెడ్జి తీస్తాడు.

వ్యాగన్లు అక్కడే వదిలేసింది. కారులోంచి మామగారికి ఫోన్ చేసింది. ఆపేసి ఉంది. పట్టాల దగ్గరికి పోయేముందు ఆయన ఫోన్ ఆపేస్తాడు, మధ్యలో మోగితే లెక్క చెడుతుందని. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే. పద్నాలుగు కిలోమీటర్ల రోడ్డు, కింద గాజులాంటి ఐసు. ఎడమపక్క చెట్ల సందుల్లో అప్పుడప్పుడు రైలు కనబడుతోంది. తనకంటే ముందే ఉంది. ఊరి చివర వంతెన కింద నుంచి పోయాక ఇక కనబడలేదు. వెనకబడిందో, దాటిపోయిందో తెలియలేదు.

ఎమర్జెన్సీకి ఫోన్ చేసింది. ఒక ఆడగొంతు నెమ్మదిగా అడిగింది. "క్రాసింగ్ దగ్గర పసుపు పలక మీద నంబరు ఉంటుందండీ. చెప్పగలరా?"

ముప్ఫై ఏళ్లుగా రోజూ ఆ పలక ముందు ఆగింది. ఒక్కసారి చదవలేదు. "తెలీదు" అంది. రోడ్డు పేరు చెప్పింది, ఊరు చెప్పింది.

"రైల్వే వాళ్ళకి చెబుతున్నాను. లైన్లోనే ఉండండి."

టపా పెట్టెల దగ్గర కారు అడ్డదిడ్డంగా ఆగింది. హెల్కా తలుపు తీసుకుని దిగింది. పట్టాలకి యాభై అడుగుల దూరం. అవతలి వైపు, చెక్కలకి నాలుగడుగుల్లో, స్లెడ్జి పట్టుకుని ఆర్మస్ నిలబడి ఉన్నాడు. చెవి రెక్క పైకెత్తి ఉంది. తల కాస్త వంగి ఉంది. పెదవులు కదులుతున్నాయి. పెద్ద రోడ్డు మీద కార్ల చప్పుడు ఆయన లెక్కలోకి తీసుకోడు, రోడ్డుది రోడ్డుకే వదిలేస్తాడు. ఆయన వినేది పట్టాలని.

ఎడమవైపు మలుపులో, మంచు కొమ్మల కింద, పొడి మంచు మేఘంలా లేచింది. దాని ముందు తెల్లగా, పచ్చగా ఆ మొహం. చప్పుడు లేదు. కలలో వచ్చినట్టే వస్తోంది.

అరవాలి. నోరు తెరిచింది. గొంతు రాలేదు. ముప్ఫై ఏళ్లుగా ఆ చోట నోరు మూసుకోవడమే నేర్చిన గొంతు, పూడుకుపోయింది. అవతల ఆర్మస్ పెదవులు ఆగాయి. ఎడమకాలు స్లెడ్జి మీదికి ఎక్కింది. కుడికాలు తన్నడానికి వెనక్కి లేచింది.

"మామయ్యా."

అది అరుపో ఎక్కిళ్ళో ఆమెకే తెలియలేదు. ఆర్మస్ కాలు దిగింది. మొహం చిట్లించాడు. అరచేయి ఎత్తి, పెళ్లి రోజున చూపించినట్టే చూపించాడు, మళ్ళీ ఒకటి నుంచి అని. కూత వినబడింది. ఆ చేతికీ ఆమెకీ మధ్య రైలు అడ్డం వచ్చేసింది.

హెల్కా మంచులో మోకాళ్ళ మీదికి వంగింది. స్లెడ్జి ముందుభాగం పట్టాల మీదికి వచ్చిందా? నాలుగడుగులు కావా అవి, రెండేనా? వ్యాగన్ల కింద సందుల్లోంచి చూడడానికి ప్రయత్నించింది. చక్రాలు, మంచు, చక్రాలు. పచ్చి కలప వాసన ముక్కుకి కొట్టింది. ఆమె కూడా లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పదకొండు, పన్నెండు. దేవుడా, నేనే చంపాను. పద్దెనిమిది. ఆ తరవాత లెక్క తప్పింది.

చివరి వ్యాగన్ పోయింది.

ఆర్మస్ అక్కడే ఉన్నాడు. స్లెడ్జి హ్యాండిల్ రెండు చేతులా పట్టుకుని, టోపీ నుంచి బూట్ల దాకా తెల్లగా మంచు కొట్టుకుపోయి ఉన్నాడు. హెల్కా పట్టాలు దాటి పరుగెత్తి ఆయన మోచెయ్యి పట్టుకుంది. చెయ్యి చెట్టుకొమ్మలా బిగుసుకుని ఉంది. కారులో ఫోన్ ఇంకా మాట్లాడుతూనే ఉంది.

"నువ్వు మాట్లాడావు" అన్నాడు ఆర్మస్. "మాట్లాడావని మళ్ళీ మొదలెట్టాను. అప్పటికి ఇరవై అయిపోయింది."

"ఏమీ వినబడలేదా మామయ్యా?"

"పాట లేదు. పాట కోసం విన్నాను. లేదు."

"ఆ పాట బయలుదేరేటప్పుడేనట. బొమ్మలోనే ఎప్పుడూ పాడుతుందట. నాకు ఇప్పుడే తెలిసింది." ఇక ఆగలేకపోయింది. "ఆ రోజు ఫ్యాన్ ఆపే ఉంది మామయ్యా. నేనే ఆపాను. మీతో అబద్ధం చెప్పాను."

ఆర్మస్ కళ్ళ అంచులతో ఆమె భుజాన్ని చూశాడు.

"తెలుసు" అన్నాడు. "నా కాళ్ళకి వెచ్చగాలి తగల్లేదు."

తరవాత హెల్కా ఆయన్ని నడిపించుకుంటూ కారు దగ్గరికి తీసుకొచ్చింది. స్లెడ్జి డిక్కీలో పెట్టింది. ఎమర్జెన్సీ ఫోన్లో ఉన్నామెకి, గండం గడిచింది, మనిషి బతికే ఉన్నాడు, అని చెప్పింది. టపా పెట్టెలోంచి పేపరు తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. కారు తిప్పి పట్టాల ముందుకి తెచ్చి, ఇంజన్ కట్టేసి, ఫ్యాన్ ఆపి, అద్దాలు దించింది. అలవాటు ఎక్కడికి పోతుంది?

ఇరవై లెక్కపెట్టేంత సేపు గడిచింది. ముప్ఫై కూడా గడిచి ఉంటుంది. ఆయన "పో" అనలేదు. హెల్కా తల తిప్పి చూసింది.

ఆర్మస్ టోపీ చెవి రెక్కలు రెండూ కిందికి లాగి, గడ్డం కింద తాడు ముడి వేసుకుంటున్నాడు. వేళ్ళకి ముడి అందడం లేదు. ఆమె సాయం చెయ్యబోతే చెయ్యి తోసేశాడు. చివరికి ముడి పడింది.

"నన్నెందుకు చూస్తావ్?" అన్నాడు. "పట్టాలు చూడు."

హెల్కా ఎడమవైపు చూసింది. ఏమీ లేదు. కుడివైపు చూసింది. ఏమీ లేదు. దిగి పట్టాల దాకా నడిచి వెళ్లి, వంగి మలుపు దాకా చూసింది. ఖాళీ. వెనక్కి వచ్చి కూర్చుని ఇంజన్ ఆన్ చేసింది. ఆ ముప్ఫై ఏళ్లలో ఆయన పక్కనుండగా, ఆయన "పో" అనకుండా, ఒక్కసారి కూడా తనంతట తాను ఆ పట్టాలు కారు దాటించలేదని అప్పుడు తెలిసింది. కాలు పెడల్ మీద ఉంది. నొక్కమంటే నొక్కడం లేదు.